సెగ ఎప్పుడు ఆపాలి? స్పెయిన్, మెక్సికో ఇళ్లలో కోడిగుడ్డు వంటలు

(వంట మీద ఆసక్తి ఉన్నవాళ్ల సమావేశంలో చేసి చూపిస్తూ ఇచ్చిన ప్రసంగం, రాతలో)

అందరికీ నమస్కారం. నేను మాట మొదలుపెట్టకముందే పొయ్యి వెలిగించాను, గమనించే ఉంటారు. ఈ మూకుడులో 600 గ్రాముల బంగాళాదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ ఉన్నాయి. ముక్కలు మునిగేంత నూనె పోసి సెగ బాగా తగ్గించాను. ఇవి ఎర్రబడకూడదు. గరిటెతో నొక్కితే విరిగిపోయేంత మెత్తగా అవ్వాలి. దానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అందాకా మాట్లాడుకుందాం. ఆ తర్వాత వీటిని ఆరు గుడ్లలో కలిపి స్పెయిన్‌వాళ్ల గుడ్డట్టు, అంటే తోర్తియా వేస్తాను, మీ ముందే తిప్పి చూపిస్తాను.

చెప్పదలుచుకున్నది ఒక్కటే. స్పెయిన్‌లో అయినా మెక్సికోలో అయినా, ఇంట్లో చేసుకునే గుడ్డు వంటల్లో పని చాలావరకు గుడ్డు పగలగొట్టకముందే అయిపోతుంది. స్పెయిన్‌లో ఆ పని నూనెతో, మెక్సికోలో సాల్సాతో, అంటే టమాటా, మిర్చి కాల్చి నూరిన పచ్చడితో. గుడ్డు పడ్డాక మిగిలేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపట్లో పొయ్యి ఎప్పుడు కట్టేయాలో తెలిస్తే ఈ వంట వచ్చినట్టే.

మన ఇళ్లలో గుడ్డంటే మొదటి భయం నీచు వాసన. అందుకని పొరటును పొడిపొడిలాడేదాకా వేయిస్తాం, ఆమ్లెట్‌ను రెండు వైపులా ఎర్రగా కాలుస్తాం, అల్లం వెల్లుల్లి, పసుపు, గరం మసాలా తగిలిస్తాం. ఆ రుచిని నేను తక్కువ చేయడం లేదు. ఉల్లికారం పొరటు నాకూ ప్రాణమే. కానీ ఒక సంగతి చూడండి. గుడ్డు అతిగా ఉడికినప్పుడే తెల్లసొనలోని గంధకం వాయువుగా బయటికొస్తుంది. ఎక్కువసేపు ఉడికించిన గుడ్డును కోస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చగా ఒక వలయం కనిపిస్తుంది కదా, అది ఆ గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఏర్పడినదే. అంటే వాసన పోవాలని మనం పెంచే సెగే ఇంకో వాసన తెస్తోంది. గుడ్డు తాజాగా ఉండి, వేళకు దించితే మసాలాతో కప్పాల్సిన పని ఉండదు. ఈ రెండు దేశాల వంటల్లో పసుపు, గరం మసాలా కనిపించకపోవడానికి కారణం చప్పిడి తిండి అలవాటు కాదు. అక్కడ రుచి ఇంకోచోట నుంచి వస్తుంది, అదెక్కడి నుంచో చూద్దాం.

ఈ రెండు దేశాలను కలిపి చెప్పడానికి కారణం ఉంది. 1519లో స్పెయిన్ సేనాని ఎర్నాన్ కోర్తేస్ మెక్సికోను గెలవడానికి దిగేనాటికి అక్కడ మన కోడి లేదు. టర్కీ పక్షి ఉంది, నీటిపక్షులున్నాయి. 1520లో ఆయన స్పెయిన్ రాజుకు రాసిన రెండో లేఖలో అక్కడి పెద్ద సంతను వర్ణిస్తూ, రకరకాల పక్షుల గుడ్లు, గుడ్లతో వేసిన అట్లు కూడా అమ్ముతున్నారని రాశాడు. అంటే గుడ్డు వండుకోవడం అక్కడివాళ్లకు ముందే తెలుసు. తర్వాత స్పెయిన్ ఓడల్లో కోడి అటు వెళ్లింది. టమాటా, మిర్చి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల బంగాళాదుంప ఇటు వచ్చాయి. 1573 నాటికే స్పెయిన్‌లోని సెవియా ఊళ్లో ఒక ఆసుపత్రి పద్దుల్లో బంగాళాదుంపలు కొన్న లెక్క కనిపిస్తుంది. మనకు మిర్చి పోర్చుగీసు ఓడల్లో వచ్చింది కూడా ఆ రాకపోకల్లో భాగంగానే. కోడి వెళ్లకపోతే మెక్సికోలో ఈ పొద్దు తింటున్న టిఫిన్ లేదు, బంగాళాదుంప రాకపోతే ఈ మూకుడులోది లేదు.

ఇంకో చిన్న విషయం ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత గందరగోళం. స్పెయిన్‌లో తోర్తియా అంటే గుడ్డట్టు, మెక్సికోలో మొక్కజొన్న రొట్టె. మెక్సికోవాళ్లదాన్ని నేను రొట్టె అనే అంటాను.

బంగాళాదుంప తోర్తియా ఎక్కడ పుట్టిందని అడిగితే స్పెయిన్‌లో ఒక్కో ప్రాంతం ఒక్కో కాగితం చూపిస్తుంది. ఎస్త్రెమదూరాలోని వియానువేవా దె లా సెరేనా ఊరివాళ్లు 1798 నాటిది మాదంటారు. 1817లో నవార్రా సభకు అందిన ఒక అర్జీలో, గుడ్లు సరిపోక బంగాళాదుంప కలిపి అట్టు వేసుకునే పేద రైతుల సంగతి ఉంది. 1835లో బిల్బావు ముట్టడి వేళ జనరల్ సుమలాకర్రెగీ తన సైన్యం కోసం కనిపెట్టాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది కానీ, నవార్రా అర్జీ అంతకన్నా పాతది. నాకు ఆ అర్జీయే నమ్మబుద్ధేస్తుంది. ఇది లేమిలో పుట్టిన వంట. గుడ్లు తక్కువ, తినే నోళ్లు ఎక్కువ, దుంప చవక.

సరే, ఇటు చూడండి. ముక్క విరుగుతోంది. ఇప్పుడు చిల్లుల గరిటెతో తీసి జల్లెడలో వేస్తున్నాను, నూనె కిందికి దిగాలి. ఆరు గుడ్లు ఫోర్కుతో గిలకొట్టాను, నురగ వచ్చేదాకా అక్కర్లేదు, సొనలు కలిస్తే చాలు. ఉప్పు దుంపల్లోనూ వేయాలి, గుడ్లలోనూ వేయాలి. వేడి ముక్కల్ని గుడ్లలో వేసి కలిపి, పది నిమిషాలు కదపకుండా వదిలేయాలి. చాలామంది తొందరపడి ఈ పది నిమిషాలు వదిలేస్తారు. ఆ సేపట్లోనే దుంప గుడ్డును పీల్చుకుంటుంది, ముక్కల వేడికి గుడ్డు కాస్త చిక్కబడుతుంది. ఇది చేయకపోతే కోసినప్పుడు దుంప ఒకవైపు, అట్టు ఒకవైపు విడిపోతాయి.

ఉల్లిపాయ వేయాలా వద్దా అన్న దాని మీద స్పెయిన్‌లో ఇళ్లలో, బార్లలో, టీవీలో తెగని వాదన. గలీసియాలోని బెతాన్సోస్ ఊళ్లో ఉల్లిపాయ ముట్టరు. అక్కడ తోర్తియా కోయగానే లోపలి సొన పళ్లెంలోకి జారుతుంది, అంత పచ్చిగా వదిలేస్తారు. నా మటుకు నాకు ఉల్లి ఉంటేనే ఇష్టం. నూనెలో నిదానంగా మగ్గిన ఉల్లి తీపే ఇందులో మసాలా.

నూనె గురించి ఇక్కడ చెప్పాలి. వాళ్లు వాడేది ఆలివ్ నూనె. మన దగ్గర దాని ధర మీకు తెలుసు. ఎక్స్‌ట్రా వర్జిన్ సీసా మొత్తం ఇందులో పోయక్కర్లేదు, మామూలు ఆలివ్ నూనె చాలు. అదీ బరువనిపిస్తే పొద్దుతిరుగుడు నూనె వాడి, చివర్లో అట్టు వేసేటప్పుడు మాత్రం ఒక చెంచా ఆలివ్ నూనె వేయండి. స్పెయిన్‌లోనూ పొద్దుతిరుగుడు నూనె వాడే ఇళ్లు బోలెడు. వేరుశెనగ నూనెతో చేస్తే అట్టు బాగానే వస్తుంది కానీ రుచి మన ఊరిదైపోతుంది.

ఆ పది నిమిషాల్లో వేపుడు గుడ్డు సంగతి చెప్తాను. వెలాస్కెస్ అనే గొప్ప చిత్రకారుడు పంతొమ్మిదేళ్లయినా నిండీ నిండని వయసులో, 1618లో, సెవియాలో ఒక బొమ్మ వేశాడు. ఇప్పుడది ఎడిన్‌బరో నేషనల్ గ్యాలరీలో ఉంది. ముసలమ్మ ఒకామె మట్టిపాత్ర ముందు కూర్చుంది. ఒక చేతిలో చెక్క గరిటె, ఇంకో చేతిలో గుడ్డు. పాత్రలో అప్పటికే రెండు గుడ్లు పడి తెల్లసొన అంచులు తెల్లబడుతున్నాయి. ఆమె ముందు ఇత్తడి రోలు, రోకలి, ఉల్లిపాయ, ఎండుమిర్చి. కోర్తేస్ లేఖకు వందేళ్లు కూడా కాలేదు, అమెరికా మిర్చి సెవియా వంటింట్లో మామూలు సరుకైపోయింది. ఆ బొమ్మను ఒక్కసారి నెట్‌లో పెద్దది చేసి చూడండి. గుడ్డు గట్టిపడే ఆ క్షణాన్ని అంత శ్రద్ధగా చూసిన బొమ్మ నాకు ఇంకోటి తెలియదు.

స్పెయిన్ పద్ధతిలో వేపుడు గుడ్డుకు నూనె చాలా కావాలి, అంటే చిన్న మూకుడులో వేలెడు లోతు. నూనె బాగా కాగాలి. గుడ్డును ముందు గిన్నెలో పగలగొట్టుకుని, మూకుడు అంచు నుంచి జార్చాలి. పడగానే చిటపటలాడుతూ తెల్లసొన పొంగుతుంది. అప్పుడు గరిటెతో పక్కనున్న వేడి నూనె తీసి పైన పోస్తూ ఉండాలి. నిమిషం కూడా పట్టదు. అంచు సన్నని గోధుమరంగు లేసులాగా కరకరలాడుతుంది, పచ్చసొన మాత్రం పల్చగానే ఉంటుంది. అట్టు తిప్పినట్టు దీన్ని తిప్పరు. ఇలాంటి గుడ్లను వేయించిన బంగాళాదుంపల మీద పెట్టి, కత్తితో రెండు గాట్లు పెట్టి సొన దుంపల మీదికి పారిస్తే అది ఉయెవోస్ రోతోస్, అంటే విరిగిన గుడ్లు. మాడ్రిడ్‌లో కావా బాహా వీధిలో 1974 నుంచి ఉన్న కాసా లూసియో ఈ వంటకు పేరుపడ్డ చోటు.

ఇప్పుడు తోర్తియా. 24 సెంటీమీటర్ల నాన్‌స్టిక్ మూకుడు తీసుకున్నాను. బాగా పదునెక్కిన ఇనప పెనం మీద కూడా వస్తుంది. ఒక చెంచా నూనె వేసి ముందు బాగా వేడి చేయాలి. మిశ్రమం పోయగానే సుయ్‌మని అనాలి. పోశాక సెగ తగ్గించి, అంచుల్ని చెక్క గరిటెతో లోపలికి నెడుతూ ఉండాలి, అప్పుడు పక్కలు గుండ్రంగా వస్తాయి. రెండు మూడు నిమిషాలు. మూకుడు ఊపితే అట్టు మొత్తం కదలాలి, మధ్యలో పైన మాత్రం ఇంకా తడిగా ఉండాలి. కదలకపోతే కింద అంటుకున్నట్టు, గరిటె పోనిచ్చి విడదీయండి. ఇప్పుడు మూకుడు కన్నా పెద్ద పళ్లెం పైన బోర్లించి, అరచెయ్యి పళ్లెం మధ్యలో గట్టిగా నొక్కి పెట్టి, సింకు మీదికి వెళ్లి, ఒక్క ఊపులో తిప్పాలి. నెమ్మదిగా తిప్పితే సొన కారి మణికట్టు కాలుతుంది. ఇదిగో. పళ్లెం నుంచి మళ్లీ మూకుడులోకి జార్చి, రెండు నిమిషాలు. అంతే, కట్టేశాను. లోపల ఇంకా మెత్తగానే ఉంది, పక్కన పెట్టిన అయిదు నిమిషాల్లో ఆ వేడికే సర్దుకుంటుంది. దీన్ని పొగలు కక్కుతుండగా తినరు. గోరువెచ్చగా, లేదా మర్నాడు చల్లగా, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పెట్టుకుని తింటారు.

స్పెయిన్ నుంచి ఇంకొక్కటి చెప్పి అటు వెళ్దాం. కాస్తియా ప్రాంతపు వెల్లుల్లి చారు. నిన్నటి గట్టి బ్రెడ్డు, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు, ఆలివ్ నూనె, ఒక చెంచా పిమెంతోన్, అయిదు గ్లాసుల నీళ్లు, మనిషికో గుడ్డు. పిమెంతోన్ అంటే ఎండుమిర్చి పొడి. ఎస్త్రెమదూరాలోని లా వేరా లోయలో మిర్చిని ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి చేస్తారు, ఆ పొగ వాసనే చారుకు ప్రాణం. అది దొరకకపోతే కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే మన వరంగల్ చపాటా మిర్చి పొడి వాడండి. రంగు వస్తుంది, పొగ వాసన రాదు. గుంటూరు కారం మాత్రం ఒక చెంచా వేయకండి! నూనెలో వెల్లుల్లి దోరగా వేగాక మూకుడు పొయ్యి మీద నుంచి దించి అప్పుడు పొడి వేయాలి. పొయ్యి మీద వేస్తే క్షణంలో మాడి చేదెక్కుతుంది. బ్రెడ్డు వేసి కలిపి, నీళ్లు పోసి పావుగంట మరిగించి, చివర్లో గుడ్లు కొట్టి వేసి మూత పెట్టడమే. ఈస్టరుకు ముందు మాంసం మానేసే రోజుల్లో ఇది ఇంటింటి తిండి. చలికాలం రాత్రి దీనికి మించింది లేదని నా నమ్మకం.

ఇక మెక్సికో. ఇక్కడ నూనె వెనక్కి తగ్గుతుంది, సాల్సా ముందుకొస్తుంది. పద్ధతి వింటే మీకు చాలా దగ్గరగా అనిపిస్తుంది. కోమాల్ అనే పెనం మీద నాలుగు టమాటాలు, రెండు పచ్చిమిర్చి, సగం ఉల్లిపాయ, పొట్టుతోనే రెండు వెల్లుల్లి రెబ్బలు, నూనె చుక్క లేకుండా తొక్క నల్లమచ్చలు పడేదాకా కాలుస్తారు. తర్వాత అగ్నిపర్వత రాయితో చేసిన మూడు కాళ్ల రోట్లో కచ్చాపచ్చాగా నూరుతారు. మన రోటి పచ్చడే కదా అనుకుంటున్నారు. ఇక్కడిదాకా నిజమే. తేడా తర్వాత ఉంది. మనం పైన తాలింపు పెడతాం. వాళ్లు మూకుడులో కొంచెం నూనెనో పందికొవ్వో కాచి, నూరిన సాల్సా మొత్తాన్ని ఒక్కసారిగా అందులో పోస్తారు. బుసలు కొడుతూ పొంగుతుంది. అయిదారు నిమిషాల్లో రంగు ముదురుతుంది, పచ్చి వాసన పోతుంది, చిక్కబడుతుంది. ఆవాలు లేవు, జీలకర్ర లేదు. టమాటా తొక్క మాడిన రుచి, మిర్చి, ఉప్పు, అంతే.

ఈ సాల్సా చేతిలో ఉంటే మెక్సికో టిఫిన్ సగం అయిపోయినట్టే. మొక్కజొన్న రొట్టెను వేడి నూనెలో అటూ ఇటూ కొన్ని సెకన్లు ముంచి తీసి, దాని మీద వేపుడు గుడ్డు, గుడ్డు మీద సాల్సా, పక్కన నూనెలో మెదిపిన గింజల ముద్ద. అది ఉయెవోస్ రాంచేరోస్, పశువుల కొట్టాలు, పొలాల పని చేసేవాళ్ల ఉదయపు తిండి. గింజలకు మన రాజ్మా నిక్షేపంగా పనికొస్తుంది, అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన గింజే. రెండు గుడ్లలో ఒకదాని మీద ఎర్ర సాల్సా, ఇంకోదాని మీద ఆకుపచ్చ సాల్సా పోసి, మధ్యలో గింజల ముద్దతో గట్టు కడితే దానికి విడాకులు తీసుకున్న గుడ్లని పేరు.

రొట్టె గురించి అడుగుతున్నారు అమ్మా మీరు. మన కిరాణా కొట్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో అది రాదు. మెక్సికోలో మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేసి రుబ్బుతారు. సున్నం తగిలితేనే పిండికి సాగే గుణం వస్తుంది, అందులోని నియాసిన్ అనే విటమిన్ కూడా ఒంటికి పడుతుంది. ఆ పిండిని ఆరబెట్టి మాసా అరీనా పేరుతో అమ్ముతారు. అది దొరికితే సరే, దొరక్కపోతే పల్చటి జొన్నరొట్టె మీద పెట్టుకోండి, మైదా చపాతీ కన్నా అది నయం. టెక్సాస్‌లో పిల్లలున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. అక్కడికి వెళ్లినప్పుడు మీకు ఆ టెన్షన్ లేదు, మామూలు కిరాణా షాపులోనే రొట్టెలు దొరుకుతాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఉయెవోస్ ఆవోగాదోస్. ఇందాకటి సాల్సాను ఒక గ్లాసు నీళ్లతో పల్చన చేసి, మరుగుతుండగా సెగ తగ్గించి, గుడ్లు ఒక్కొక్కటే కొట్టి వేసి మూత పెట్టడం. మన ఇళ్లలో గుడ్లు పగలగొట్టి పులుసులో వదులుతాం కదా, ఆ అలవాటున్న చెయ్యికి ఇది కష్టమే కాదు. తేడా ఒక్కటే. మనం పచ్చసొన గట్టిపడేదాకా మరిగిస్తాం, ఇక్కడ నాలుగు నిమిషాలకు దించేస్తారు.

పొరటు ప్రియులకు ఉయెవోస్ ఆ లా మెహికానా. ఉల్లి, పచ్చిమిర్చి, టమాటా, గుడ్లు, జెండాలోని మూడు రంగులూ ఉన్నాయని ఆ పేరు. సరుకులన్నీ మనవే, అందుకే మనవాళ్లు దీన్ని చూసి ఇదేముంది అంటారు. టమాటా నీరంతా ఇగిరాక గుడ్లు పోసి, పెద్ద ముద్దలుగా కలుపుతూ, ఇంకా తడి మెరుస్తుండగా కట్టేయండి. మూకుడు వేడికే మిగతాది అవుతుంది. అప్పుడు తినండి, పొరటు కాదని నాలుక్కే తెలుస్తుంది.

యుకతాన్ ద్వీపకల్పం గురించి చెప్పకుండా ఆపలేను. మోతుల్ ఊరి పేరున్న ఉయెవోస్ మోతులేన్యోస్‌లో రొట్టె, నల్ల గింజల ముద్ద, వేపుడు గుడ్డు, టమాటా సాల్సా, బఠానీలు, హ్యామ్, పక్కన నూనెలో వేయించిన పండు అరటి ముక్కలు. ఆ ఊరివాడే అయిన గవర్నరు ఫెలిపె కర్రియో పుయెర్తో విందు కోసం పుట్టిందని అక్కడ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ఇష్టమైనవి పాపద్సూలెస్. గుమ్మడి గింజల్ని దోరగా వేయించి, మెత్తగా నూరి, ఆకులు మరిగించిన వేడి నీళ్లు కొంచెం చిలకరిస్తూ పిసికితే చేతి వేళ్ల మధ్య ఆకుపచ్చ నూనె ఊరుతుంది. దాన్ని పక్కన తీసిపెట్టి, మిగతా ముద్దను అవే నీళ్లతో పల్చన చేసి, రొట్టెల్ని అందులో ముంచి, ఉడికించిన గుడ్డు తరుగు లోపల పెట్టి చుడతారు. పైన టమాటా సాల్సా, దాని మీద చుక్కలు చుక్కలుగా ఆ ఆకుపచ్చ నూనె. గుడ్డు గట్టిగా ఉడికితేనే కుదిరే వంట ఇవాళ చెప్పినవాటిలో ఇదొక్కటే. పచ్చిసొన పడనివాళ్లు దీంతో మొదలుపెట్టవచ్చు.

పచ్చిసొన మాటొచ్చింది కాబట్టి, వెనక వరసలోంచి వచ్చిన చీటీకి జవాబు చెప్తాను. సగం ఉడికిన గుడ్డు ప్రమాదం కాదా? అది సరైన భయమే. స్పెయిన్‌లో గుడ్ల ద్వారా వచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు కేసులు పెరిగి, 1991లో హోటళ్లకు నిబంధన పెట్టారు, గుడ్డు వంటకం మధ్యలో 75 డిగ్రీలు చేరాలని, లేదా పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా ముందే వేడి చేసిన గుడ్డు వాడాలని. 2022 చివర్లో సడలించి 70 డిగ్రీలు రెండు సెకన్లు చాలన్నారు. వెంటనే తినేసేదైతే 63 డిగ్రీలు 20 సెకన్లు. కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్ద వయసువాళ్లకు, ఒంట్లో బాగాలేనివాళ్లకు తోర్తియా మధ్య దాకా గట్టిపడనివ్వండి, ఇంకో రెండు నిమిషాలు. దుంపలు నూనెలో నిదానంగా మగ్గాయి కాబట్టి అప్పుడూ మెత్తగానే ఉంటుంది. మనం తినేటప్పుడు కూడా పగుళ్లున్న గుడ్డు, రెట్ట అంటుకున్న గుడ్డు వీటికి వద్దు. తెచ్చిన వెంటనే కడిగి దాచకండి, పెంకు మీదుండే సహజమైన పొర పోతుంది. పగలగొట్టే ముందు కడుక్కోండి చాలు. దేశంలో ఎక్కువ గుడ్లు పండించేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణా వెనకబడి లేదు. తాజా గుడ్డు దొరకడం మనకు కష్టమేం కాదు. నీళ్లలో వేసి చూడండి, అడుగున పడుకున్నది తాజాది, నిలబడినది పాతది, తేలినది పారేయండి.

ఇంకొకరు మిగిలిన నూనె ఏం చేయాలంటున్నారు. దుంపలు ఎర్రబడలేదు కాబట్టి ఆ నూనె మాడలేదు. వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, వారంలో ఇంకో తోర్తియాకో, వెల్లుల్లి చారుకో వాడేయండి. ఉల్లి వాసన పట్టి ఉంటుంది కనుక చారు ఇంకా బాగుంటుంది. గుడ్లు వేయించిన నూనెలో మాత్రం తెల్లసొన ముక్కలు మాడి ఉంటాయి, అది మళ్లీ వద్దు.

తోర్తియా ఇప్పుడు కోయడానికి సరిగ్గా ఉంది. ఆ బల్ల మీద ఉల్లి వేయనిది కూడా ఒకటి ఉంది, పొద్దున చేసి తెచ్చాను. రెండూ తిని చూడండి, ప్లేట్లు అటు పక్కన ఉన్నాయి.